పేరు పిలిస్తే లేచిన మనిషి

మళ్ళీ ఒకసారి షుగరు చూద్దామని కీర్తన "జానకిరామయ్యగారూ!" అని పిలిచినప్పుడు, ఇందాక తన చేత్తో ఇన్సులిన్ వేసిన మనిషి కాకుండా, ఆమె జన్మలో చూడని మనిషి లేచి నిలబడ్డాడు.

ఆయన కూడా తనంతట తాను లేవలేదు. పక్కనున్న భార్య మోచేత్తో పొడిస్తే లేచాడు. బట్టతల, బంగారు రంగు ఫ్రేము కళ్ళజోడు, ఇస్త్రీ నలగని చొక్కా. కీర్తన చేతిలో షుగరు చూసే మిషను అలాగే ఉండిపోయింది.

"మీరు... జానకిరామయ్యగారా?"

"ఆయనేనమ్మా," భార్య హైమవతి అందుకుంది. "ఇందాక మీరే సూది వేశారటగా! నేను కిందికెళ్ళి ఇడ్లీ కట్టించుకొచ్చేలోపల అయిపోయిందన్నారు. రెండు తినిపించాను కూడా."

"ఈయనకి నేను వెయ్యలేదండీ."

"వేశారుగా," అన్నాడాయన. గొంతు నెమ్మదిగా, మర్యాదగా ఉంది. "ఎంతమందిని చూస్తారు మీరు! గుర్తుండకపోవచ్చు."

ఆ మాటతో కీర్తనకి ఒక్క క్షణం తన బుర్ర మీద తనకే అనుమానం వచ్చింది. ఆరేళ్ళు ఐసీయూలో పనిచేసిన మనిషి. నడుం నొప్పితో మంచాల దగ్గర వంగి లేవలేక, అదే ఆసుపత్రి వాళ్ళు పటమటలో పెట్టిన ఈ క్లినిక్‌కి మార్పించుకుంది. వచ్చి రెండు వారాలు కూడా కాలేదు. ఇక్కడ ముఖాలు ఆగవు. ఒకరి వెనక ఒకరు వచ్చి, చొక్కా చెయ్యి పైకి లాక్కుని, సూది వేయించుకుని పోతారు. నిజంగానే ఈయనకే వేసి మర్చిపోయిందా?

"ఏ చేతికి వేశానండీ?"

ఆయన తడబడ్డాడు. భార్య వైపు చూశాడు. "కుడి... కుడి చేతికే."

కీర్తన వేసింది ఎడమ చేతికి. ఎండకి కమిలిన ఆ జబ్బ మీద ఏదో ఆడమనిషి పేరు పచ్చబొట్టు ఉంది. దాని పక్కనే దూదితో తుడిచింది. ఆ మనిషి నుదుటి మీద నామాలున్నాయి. వేళ్ళ సందుల్లో పసుపు కొమ్ముల రంగు. "జానకిరామయ్యగారేనా?" అని అడిగితే "ఊఁ" అన్నాడు.

"ఊఁ" అన్నాడు. అంతే. ఆ ఒక్క ఊఁతో తను పది యూనిట్లు ఎక్కించింది.

"మేడం!" అని ఆమె వేసిన కేకకి హాల్లో కూర్చున్నవాళ్ళందరూ తలలు తిప్పారు.

శివపార్వతి లోపలి గదిలోంచి వచ్చింది. వార్డుల నుంచి వచ్చే నర్సులకి క్లినిక్ పని నేర్పడం ఆవిడ ఉద్యోగం. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. ఎవరైనా పరిగెత్తితే "ఇది ఐసీయూ కాదమ్మాయ్, నేల జారుతుంది" అని ఎగతాళి చేస్తుంది. ఇవాళ కీర్తన ముఖం చూసి ఏమీ అనలేదు.

కీర్తన చెప్పింది.

"'మీరు ఫలానానా' అని అడిగావా?"

"అడిగాను మేడం."

మొదటి రోజునే చెప్పిందావిడ. వార్డులో చేతికి పట్టీ ఉంటుంది, పేరు దాని మీద ఉంటుంది. ఇక్కడ పట్టీ లేదు. అందుకని 'మీరు ఫలానానా' అని అడక్కూడదు. 'మీ పేరేంటండీ' అని అడగాలి, వాళ్ళ నోటితో చెప్పించాలి. ఎందుకంటే మనవాళ్ళు సరిగ్గా వినపడకపోయినా, మర్యాదకైనా ఊఁ కొడతారు. కీర్తన అప్పుడు తలూపింది. ఆరేళ్ళ అలవాటు తల ఊపినంత తేలిగ్గా పోలేదు.

శివపార్వతి జానకిరామయ్య వైపు తిరిగింది. "బాబాయిగారూ, నిజం చెప్పండి. మీకు సూది పడిందా, లేదా?"

ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "లేదమ్మా. బాత్రూంకెళ్ళాను. అప్పుడు పిలిచారేమో. మళ్ళీ అడిగితే మా ఆవిడ కంగారుపడుతుందని వేశారని చెప్పాను."

"కంగారా!" హైమవతి నోరు వెళ్ళబెట్టింది. "సూదికి జడిసి బాత్రూంలో దాక్కున్నారా? హైస్కూలు పిల్లలంతా మిమ్మల్ని చూసి గజగజలాడేవాళ్ళు కదండీ, హెడ్మాస్టరుగారూ!"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కీర్తనకి ఆ నవ్వు ఎక్కడో దూరంగా వినిపించింది.

"మరి మీ పేరుకి లేచింది ఎవరండీ? మీ పక్కన ఎవరు కూర్చున్నారు?" అంది.

"నాకేం తెలుసమ్మా. ఎవరెవరో కూర్చున్నారు."

అప్పుడు కీర్తనకి ఇంకొకటి గుర్తొచ్చింది. సూది వేశాక, "పావుగంటలో ఏదన్నా తినాలి, బయటే కూర్చోండి, మళ్ళీ చూస్తాను" అని బిస్కెట్ల పొట్లం చేతిలో పెట్టింది. ఆ మనిషి నవ్వి, పొట్లం పక్కనున్న పిల్లకి ఇచ్చేశాడు. "శనివారం కదమ్మా, ఒక్కపొద్దు. రాత్రికే ముద్ద" అన్నాడు. వెనకాల ఇంకెవరో జ్వరం మనిషి తూలిపోతుంటే తను అటు పరిగెత్తింది. బయటే కూర్చుంటాడనుకుంది. వార్డులో రోగిని ఉండమంటే ఉంటాడు. మంచం వదిలి ఎక్కడికి పోతాడు?

షుగరు జబ్బుందో లేదో తెలియని మనిషి. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప కడుపులో ఏమీ లేదు. ఒంట్లో ఇన్సులిన్. వేసి గంట కావస్తోంది.

డాక్టరుగారు గదిలోంచి బయటికొచ్చి విని, ఒక్కటే అన్నారు. "మనిషిని పట్టుకోండి. ముందు మనిషిని పట్టుకోండి."

శివపార్వతి హాలు మధ్య నిలబడి చప్పట్లు కొట్టింది. "ఇంజక్షన్ కోసం కూర్చున్నవాళ్ళు చేతులెత్తండి! ఒక్కొక్కరూ పేరు చెప్పండి!"

పేర్లు పిలిచే చక్రి కంప్యూటరు దగ్గర నిలబడి, చెప్పిన ప్రతి పేరుకీ తెర మీద చూసుకుంటున్నాడు. జుట్టు నెరుస్తున్న మనిషి.

"నీ ఊరి వాళ్ళెవరినైనా ముందు తోశావా, చక్రీ?" శివపార్వతి పళ్ళ మధ్య నుంచి అంది. "ఇప్పుడు చెప్పు, ఏమీ అనను."

"అమ్మతోడు మేడం! నేను పిలిచాను, ఒకాయన లోపలికెళ్ళాడు. నేను ముఖాలు చూస్తానా?" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదిగో, ఒక్క పేరు మిగిలింది. బసవయ్య. నరాల నీరసానికి బి12 ఇంజక్షన్. రెండుసార్లు పిలిచాను, పలకలేదు."

"ఫోను నంబరుందా?"

ఉంది. కీర్తన నొక్కింది. వేలు రెండుసార్లు తప్పు అంకె మీద పడింది. శివపార్వతి ఫోను లాక్కుని, నొక్కి, స్పీకరు పెట్టి మళ్ళీ ఆమె చేతికే ఇచ్చింది.

"నేనా మేడం? మీరు మాట్లాడండి..."

"వేసింది నువ్వు. ఆయన ముఖం చూసింది నువ్వు. వార్డులో అయితే నీ చేతులున్నాయి. ఇక్కడ నీకు ఈ ఫోనే చెయ్యి. మాట్లాడు."

మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది.

మళ్ళీ చేసింది. పాత భక్తి పాట కాలర్ ట్యూను మొదలై, చరణం దాకా వెళ్ళి తెగింది. కీర్తన కళ్ళ ముందు ఐసీయూ మంచం కనపడింది. అక్కడైతే ఈపాటికి చేతికి సూది గుచ్చి, గ్లూకోజు ఎక్కించి, మిషను మీద గీత చూస్తూ ఉండేది. ఇక్కడ చూడ్డానికి గీత లేదు. ఉన్నది ఒక కాలర్ ట్యూను. ఆ మనిషి ఏ కాలవ గట్టు మీద కూలబడ్డాడో, ఏ చెట్టు కింద 'కాస్త కునుకు తీద్దాం' అనుకుని ఒరిగాడో.

మూడోసారి ఎవరో ఎత్తారు.

"హలో!" గొంతు ముసలిది కాదు. వెనకాల ఇంజను మోత, హారను. "ఎవరమ్మా? ఈ ఫోనాయన మీకేమవుతాడు?"

"మీరెవరండీ?"

"కండక్టర్ని. బాలశౌరి. ఉయ్యూరు బస్సు. మీ ముసలాయన పొద్దున్నే పూటుగా తాగి ఎక్కాడమ్మా. టిక్కెట్టు తీసుకున్నప్పుడు బాగానే ఉన్నాడు. ఇప్పుడు పిచ్చిచూపులు, చెమటలు, పక్కావిడ మీద పడిపోతున్నాడు. ఆవిడ చెప్పు తీసింది. ఎడుపుగల్లులో దించేస్తున్నా, వచ్చి తీసుకుపోండి."

"దించొద్దు!" కీర్తన అరిచింది. "దించొద్దండీ, దణ్ణం పెడతాను! ఆయన తాగలేదు. నుదుటి మీద నామాలు చూడండి, ఒక్కపొద్దున్నాడు."

"నామాలు పెట్టుకుని తాగేవాళ్ళని రోజూ చూస్తాన్లేమ్మా."

"ఆయన నోటి దగ్గర వాసన చూడండి. ఒక్కసారి చూడండి బాబూ!"

ఇంజను మోత. ఎవరో ఆడమనిషి తిడుతోంది. తర్వాత బాలశౌరి గొంతు, ఈసారి వేరేగా వచ్చింది.

"వాసన లేదు మేడం."

"నేను పటమట క్లినిక్‌లో నర్సుని. ఇంకొకరికి వెయ్యాల్సిన ఇన్సులిన్ పొరపాటున ఆయనకి వేశాను. ఒంట్లో షుగరు పడిపోతోంది. ఇప్పుడు తీపి పడకపోతే మనిషి దక్కడు. బస్సాపండి. పంచదార కావాలి."

"డ్రైవరన్నా! పక్కకి తియ్, పక్కకి తియ్! టీ కొట్టు ముందర ఆపు!"

బ్రేకు కీచుమంది. అరుపులు, అడుగుల చప్పుడు. డాక్టరుగారు అప్పటికే ఇంకో ఫోన్లో అంబులెన్సుని ఎడుపుగల్లు పంపమంటున్నారు. కీర్తన కళ్ళు మూసుకుంది. కనపడని మనిషిని చెవులతో చూడాలి.

"పేరు పెట్టి పిలవండి. బసవయ్యగారూ అని. కళ్ళు తెరుస్తున్నాడా?"

"సగం తెరిచాడు. మళ్ళీ మూశాడు."

"పడుకోబెట్టొద్దు. కూర్చోబెట్టి తల ముందుకి ఉంచండి. పంచదార కొంచెం నీళ్ళతో పాకంలా తడపండి. గ్లాసెత్తి పొయ్యొద్దు, గొంతుకి అడ్డం పడుతుంది. వేలితో కింది పెదవి లోపల రాయండి. చెంప లోపల రాయండి."

"రాయనివ్వట్లేదు మేడం! పళ్ళు బిగించేశాడు. తల అడ్డంగా ఊపుతున్నాడు. ఏదో గొణుగుతున్నాడు." విని చెప్పాడు. "ఒక్కపొద్దు, ఒక్కపొద్దు అంటున్నాడు."

శివపార్వతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రాణం పోతున్నా ఆ మనిషి నియమం తప్పనంటున్నాడు. స్పృహ మొత్తం పోతే ఆ పళ్ళు ఇక తెరుచుకోవు. ఎడుపుగల్లుకి అంబులెన్సు ఎప్పుడొచ్చేను?

కీర్తనకి ఏ పాఠంలోనూ చెప్పని మాట నోటికొచ్చింది.

"తీర్థం అనండి."

"ఏంటీ?"

"స్వామి తీర్థం అని చెప్పండి. వెంకటేశ్వరస్వామి తీర్థం! గట్టిగా, చెవిలో!"

బాలశౌరి తటపటాయించాడు. "మాది చర్చి మేడం..." మరుక్షణం ఫోను బద్దలయ్యేలా అతని గొంతు మోగింది. "గోవిందా, గోవింద! బాబాయ్! స్వామి తీర్థం బాబాయ్! నోరు తెరువు!"

బస్సులో ఇంకెవరో అందుకున్నారు. ఆ తర్వాత చెప్పు తీసినావిడ కాబోలు, అందరికంటే గట్టిగా "గోవిందా!" అంది. బస్సు బస్సంతా అందుకుంది.

"తెరిచాడు! మేడం, నోరు తెరిచాడు!"

"రాయండి. చెంప లోపల. మింగుతున్నాడా? దగ్గు వస్తోందా?"

"దగ్గు లేదు. చప్పరిస్తున్నాడు."

"మళ్ళీ రాయండి. ఆపొద్దు. ఇంకా, ఇంకా."

ఎంతసేపు గడిచిందో కీర్తనకి తెలియదు. టోకెన్లు పిలవడం చక్రి మర్చిపోయాడు. జానకిరామయ్య గోడ పక్క కుర్చీలో వంగి కూర్చుని తన చెప్పుల వైపే చూస్తున్నాడు. శివపార్వతి ఆయన దగ్గరికెళ్ళి, "బాబాయిగారూ, ఈ బసవయ్య మీ పక్కనే కూర్చున్నట్టున్నాడు, ఇంట్లో వాళ్ళ నంబరు గానీ, ఎవరి పేరు గానీ చెప్పాడా?" అని మెల్లిగా అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు ఫోన్లో, ఇంజను ఆగిన నిశ్శబ్దంలోంచి, బొంగురు గొంతు ఒకటి వినిపించింది.

"ఇది... ఏ ఊరు బాబూ?"

బస్సులో జనం ఒక్కసారిగా గోల చేశారు. కీర్తన కుర్చీలో కూలబడి, ఫోను ఒళ్ళో పెట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చింది. శివపార్వతి ఆమె తల తన పొట్టకి ఆనించుకుని, ఫోను తీసుకుని, "పూర్తిగా లేచాక తియ్యటి టీ పట్టించండి నాయనా. మళ్ళీ పడిపోవచ్చు, అంబులెన్సు వచ్చేదాకా ఒంటరిగా వదలొద్దు" అంది.

"నా బస్సులోంచి కదలనివ్వను మేడం," అన్నాడు బాలశౌరి.

బసవయ్యని కంకిపాడు ఆసుపత్రిలో చేర్చారు. గ్లూకోజు ఎక్కుతోందని, ఇవాళంతా ఉంచుకుంటామని అక్కడి డాక్టరు ఫోన్ చేశాడు. డాక్టరుగారు జరిగినదంతా పై ఆఫీసుకి తనే చెబుతానన్నారు. కీర్తన జానకిరామయ్యకి వెయ్యాల్సిన సూది తెచ్చింది. "మీ పేరేంటండీ? మీరే చెప్పండి" అంది. ఆయన చెప్పబోతుండగా బల్ల మీద ఫోను మోగింది. బసవయ్య నంబరు.

స్పీకరు నొక్కింది.

"అమ్మా, నేను బసవయ్యని. నాకు సూదేసింది నువ్వేనా తల్లీ? ఏడుస్తున్నావంట, కండక్టరు చెప్పాడు. ఊరుకో. నేను బాగానే ఉన్నాను. మా కోడలు వస్తోంది." కాస్త ఊపిరి పీల్చుకుని మళ్ళీ అన్నాడు. "ఒక్క మాటమ్మా. అక్కడ జానకిరామయ్యగారని పెద్దాయన ఉంటే నా దండాలు చెప్పు. చాలా మంచి మనిషి. బస్సు తప్పిపోతుందని నేను గోల పెడుతుంటే, ఆయన పేరు పిలిచినప్పుడు 'నువ్వెళ్ళు బసవయ్యా, నాకేం తొందర లేదు, లోపల పేరడిగితే ఊఁ అను' అని తన వంతు నాకిచ్చాడు. ఈ రోజుల్లో ఎవరిస్తారు చెప్పు?"

ఫోను ఆగిపోయింది. హైమవతి భర్త ముఖంలోకి చూసింది. శివపార్వతి తలుపు దగ్గరికి వేసింది.

జానకిరామయ్య పైకి లాక్కున్న చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. మళ్ళీ పైకి లాక్కున్నాడు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేనే పంపానమ్మా," అన్నాడు. "మా అన్నయ్యకి ఇన్సులిన్ మొదలుపెట్టిన ఏడాదిలో కాలు తీసేశారు. సూది వల్ల కాదు, జబ్బు ముదిరాక మొదలుపెట్టడం వల్ల అని డాక్టరు చెప్పాడు. విన్నాను గానీ నమ్మలేదు. నా పేరు పిలిచేసరికి నా కాళ్ళు లేవలేదు. పక్కన ఆయన బస్సు, బస్సు అంటున్నాడు. వెళ్ళమన్నాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను, ఆయన ఆ తలుపు దాటేదాకా. దాటాక తెలిసింది, లోపల నా పేరు మీద సిద్ధంగా ఉన్నది ఏ మందో. లేచి కేకెయ్యొచ్చు. వెయ్యలేదు. ఆయనకి పడితే నాకు పడ్డట్టే రాసుకుంటారు, ఈ పూటకి తప్పిపోతుంది అనుకున్నాను. తర్వాత మీరందరూ ఎవరు, ఎవరు అని వెతుకుతుంటే, ఆయన పేరు, ఊరు, ఎక్కే బస్సు, అన్నీ నా నోట్లోనే ఉన్నాయి. చెబితే నన్నేమంటారోనని మింగేశాను. రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ మింగేశాను. ఆఖరికి ఆయన లేచి కూర్చున్నాడని బస్సులో జనం అరిచినప్పుడు నువ్వు ఏడ్చావు చూడు, నాకు ఏడుపు రాలేదమ్మా. ఆయనకి ఇవాళ జరిగిందేదీ గుర్తుండకుండా చెయ్యమని దేవుడికి మొక్కుకున్నాను."